క్రొత్త మొక్కలు, క్రొత్త పురుగులు: పంచాయతీలు గుర్తింపవలసిన విధము

కడప జిల్లాలోని కమలాపురమునకు మన దేశపు వృక్షముల చరిత్రలో ఒక స్థానము కలదు. చెరువు గట్లమీదను, వంకల వెంబడిని, బీడు పొలములలోను, రైలు కట్టల ప్రక్కను నేడు దట్టముగా అల్లుకొనియున్న సర్కారు తుమ్మ మన దేశములో మొట్టమొదట నాటబడిన తావులలో కమలాపురము ఒకటి. 1876లో మద్రాసు రాజధానిలో అటవీ కన్సర్వేటరుగా నుండిన బెడ్డోమ్ అను అధికారి ఈ చెట్టు విత్తనములను తెప్పింపవలసినదని రెవెన్యూ శాఖకు వ్రాసెను. విత్తనములు జమైకా ద్వీపమునుండి వచ్చినవి. 1877లో వానిని కమలాపురమున నాటిరి. అది ధాత కరవు కాలము. కర్నూలు, కడప, బళ్ళారి సీమలలో జనులు వేలకు వేలు ఆకలిచే ప్రాణములు విడుచుచున్న రోజులు. వాన లేకున్నను బ్రదుకగల చెట్టు, పశువులు ఆకు కొరకని చెట్టు, నరికినకొలది చిగిర్చు చెట్టు దొరకినచో వంటచెరకునకు కొఱత యుండదని నాటివారు తలచిరి.

వారి ఉద్దేశము మంచిదే. చెట్టును వారు కోరిన గుణములన్నియు కలదియే. అయితే ఏ గుణములను చూచి దానిని తెచ్చిరో, ఆ గుణములే తరువాత చిక్కు తెచ్చినవి. దీని కాయ తియ్యనిది. మేకలు, గొఱ్ఱెలు, పశువులు దానిని ఇష్టముగా తినును. గట్టి పెంకుగల విత్తనము కడుపులో అరగక పేడతో, పెంటికలతో బయటపడి, ఆ యెరువులోనే మొలచును. మంద ఎంత దూరము నడచిన చెట్టు అంత దూరము నడచును. చెరువు లోపలి మేతపోరంబోకు ముండ్లకంపగా మారినది. పూడిక తీయింపబోయిన పంచాయతీకి ముందుగా కంప కొట్టించు ఖర్చు వచ్చి పడినది.

ఈ చెట్టు శత్రువే యని మేము చెప్పబోము. రాయలసీమలో ఎన్నియో పేద కుటుంబములు ఈ కంప కొట్టి వంట చేసికొనుచున్నవి. బొగ్గు కాల్చి బ్రదుకుచున్నవి. కాని కమలాపురములో తొలి మొలకలు లేచిన నాడు ఇది ఎంతవరకు పోవునో ఎవరును కనిపెట్టలేదు. క్రొత్త మొక్క గాని, క్రొత్త పురుగు గాని ఊరిలోనికి వచ్చినపుడు దానిని చేతితో తీసివేయగల గడువు కొంత కలదు. ఆ గడువు దాటినపిమ్మట దానితో కలసి బ్రదుకుటయే తప్ప వేరు దారి లేదు. ఆ గడువులోనే దాని పేరు తెలియవలెను. పేరు తప్పినచో చేయు పనియు తప్పును. ఈ సంగతికి మన ప్రాంతములోనే తగిన నిదర్శనములు గలవు గనుక వానిని ఆధారముగా చేసికొని, పంచాయతీ సభ్యులు ఏమి చూడవలెనో, ఎట్లు చూడవలెనో ఇచ్చట వివరింతుము.

నాగజెముడు కథ

నాగజెముడు మన దేశపు మొక్క కాదు; అమెరికా ఖండపు మొక్క. నూరేండ్ల క్రిందట ఇది దక్షిణదేశమున ఊరి వెలుపలి నేలనంతటిని ఆక్రమించి, బాటలను మూసి, పాములకును తేళ్లకును నెలవై యుండెను. ఇప్పుడు అక్కడక్కడ పొదలుగా మాత్రమే కనిపించుచున్నది. దానిని తగ్గించినది గొడ్డలి కాదు, ఒక చిన్న పురుగు.

ఈస్టిండియా కంపెనీవారికి ఎఱ్ఱరంగుపై మోజు పుట్టెను. మెక్సికోలో నాగజెముడుపై బ్రదుకు ఒక జాతి పురుగును ఎండబెట్టి నూరిన పట్టుబట్టలకు అందమైన ఎఱ్ఱరంగు వచ్చును. దానిని ఇచ్చట పెంచవలెనని ప్రయత్నించి, 1795లో బ్రెజిల్ దేశమునుండి కొన్ని పురుగులను తెచ్చిరి. తెచ్చినవారు అదియే అసలైన రంగు పురుగని నమ్మిరి. అది దానికి దాయాది జాతి మాత్రమే. రంగు మట్టముగా వచ్చినది, వ్యాపారము సాగలేదు. కాని ఆ పురుగు నాగజెముడులో ఒక జాతిని తిని ఉత్తర, మధ్య హిందూదేశములలో దాదాపు రూపుమాపినది. పంతొమ్మిదవ శతాబ్దములో దక్షిణమునకు తెచ్చినపుడును ఆ జాతి మొక్కనే తిన్నది. మన సీమలో ఎక్కువగా వ్యాపించినది వేఱొక జాతి నాగజెముడు. దానిని ఆ పురుగు ముట్టలేదు. రెండు మొక్కలును చూపునకు ఒక్కతీరుగనే యుండును. రెంటిని మనవారు ఒక్క పేరుతోనే పిలిచిరి. పురుగునకు మాత్రము ఆ భేదము బాగుగా తెలిసినది.

1926లో సింహళమునుండి మఱియొక జాతి పురుగును తెచ్చి వదలిరి. అది సరియైన జోడు. కొలది యేండ్లలో ఆకుమట్టలపై తెల్లని దూదివంటి పొర క్రమ్మి, నాగజెముడు గుంపులు గుంపులుగా కుళ్లి కూలిపోయినవి. నేడైనను ఎచ్చటనైన ఒక నాగజెముడు పొదమీద దూదివంటి మచ్చ కనబడినచో పుల్లతో నలిపి చూడుడు. రక్తమువలె ఎఱ్ఱని రసము వచ్చును. అదియే ఆ పురుగు. దానిపై మందు చల్లుట మన పక్షపువానిని మనమే కొట్టుట యగును.

ఇందు ఒక చిత్రము కలదు. మన గ్రామములలో నాగజెముడు, బొమ్మజెముడు, బ్రహ్మజెముడు అను పేళ్లు ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క మొక్కకు చెల్లుచున్నవి. పాలు కారు జెముడు వేఱు జాతి, మన నేలదే. కనుక పై అధికారికి వ్రాయునపుడు పేరు మాత్రము వ్రాసిన చాలదు, మొక్కను చూపవలెను.

పంచాయతీలకు ఈ విషయములో బాధ్యత క్రొత్తగా పుట్టినది కాదు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టములో గ్రామపంచాయతీ విధులను చెప్పుచోట వీధులు శుభ్రము చేయించుట, చెత్తకుప్పలు తీయించుట, పాడుబావులు పూడ్చుట మొదలగు పనుల నడుమ అడవి పెరుగుదలను, నాగజెముడును తొలగించుట కూడ పేరుతో చెప్పబడియున్నది. ఇట్లే పైరునకు హాని చేయు పురుగును, తెగులును, మొక్కను చీడగా ప్రకటించి భూమి కలవారిచే తీయించుటకు వీలు కల్పించు శాసనము మద్రాసు రాజధానిలో 1919లోనే వచ్చినది. రాష్ట్రములలో ఇట్టి శాసనము చేయుటలో మనదే ముందు. కాగా అధికారము కలదు, కావలసినది కన్ను.

మొక్కను చూచు విధము

క్రొత్త మొక్కను గుర్తించుటకు ముందు పాతవానిని బాగుగా ఎఱిగియుండవలెను. తుమ్మలనే తీసికొందము. నల్లతుమ్మ మన చెట్టు. దాని పూవు పసుపుపచ్చని గుండ్రని బంతి. కాయ గింజ గింజకును నడుమ నొక్కినట్లుండి పూసలదండవలె కనబడును. తెల్లతుమ్మ కూడ మనదే. బెరడు తెల్లగా నుండును. సర్కారు తుమ్మ పూవు బంతి కాదు, వ్రేలివలె పొడుగైన లేతపసుపు కంకి. కాయ గడ్డిరంగుది, చదునుగా, దాదాపు తిన్నగా నుండును, నమలిన తియ్యగా నుండును. ముండ్లు ఆకు కణుపుల కడ జంటలుగా వచ్చును. విజయదశమినాడు మనము పూజించు జమ్మి ఈ సర్కారు తుమ్మకు దగ్గఱి చుట్టమే. జమ్మికి చిన్న ముండ్లు కణుపుల నడుమ చెదరి యుండును. కంప కొట్టించు కూలీలకు ఈ తేడా చెప్పకున్నచో జమ్మియు, నల్లతుమ్మయు దానితోపాటు పోవును. ఇట్లు పోయినవి మేము చూచియున్నాము.

సర్కారు తుమ్మను నేలమట్టముగా నరికిన మఱుసటి యేడు ఒక్క కొమ్మకు పది కొమ్మలు లేచును. మొదలును వేరుదుంపతో సహా పెకలింపవలెను. మూరెడు మొలకగా నున్నపుడు తడినేలలో ఇది ఒక మనిషి పని. అయిదేండ్ల చెట్టైన పిమ్మట యంత్రము పని. చెరువులో కంప తీయించిన పంచాయతీలు మఱుసటి వానకాలములో ఒకమారు మొలకలు తీయించుటకు కూడ ముందే సొమ్ము ఉంచుకొనుట మేలు.

వయ్యారిభామ సంగతి వేఱు. కొందఱు దీనిని కాంగ్రెస్ గడ్డి యందురు. ఇదియు అమెరికా ఖండమునుండి వచ్చినదే. 1955 ప్రాంతమున పుణె నగరములో గుర్తింపబడి, అటుతరువాత దేశమంతట ప్రాకినది. మొలకగా నున్నపుడు ఆకులు నేలనంటి గుండ్రముగా పఱచుకొనును. చీలికలుగల ఆకు క్యారెట్టు ఆకును, మాచిపత్రిని తలపునకు తెచ్చును. పిమ్మట నిలువుగా లేచి కొమ్మలు వేసి, చివరల ఆవగింజలకన్న కొంచెము పెద్దవైన తెల్లని పూవులు పూయును. ఒక్క మొక్కకు వేలకొలది విత్తనములు వచ్చును. కనుక దీనికి గడువు పూవే. పూయకముందు పెఱికినచో ఎరువుగుంటలో వేయవచ్చును. పూచినపిమ్మట పెఱికి మోసికొనిపోవుట విత్తనము చల్లుటయే యగును.

దీనిని వట్టిచేతులతో ముట్టరాదు. తగిలిన కొందఱికి ఒళ్లంతయు దురదలు, దద్దురులు పుట్టును. పుప్పొడి పీల్చిన ఉబ్బసము రావచ్చును. కూలివారికి చేతితొడుగులును, ముక్కునకు గుడ్డయు ఇచ్చి పని చేయింపవలెను. ఖర్చు తగ్గించుకొనుటకు ఈ తొడుగులనే మానుట కొన్ని తావుల వాడుకగా నున్నది. అది న్యాయము కాదు. ఏటేట ఆగస్టు 16 నుండి 22 వరకు ఈ కలుపుపై దేశమంతట ప్రచారవారము జరుగును. మన సీమలో నైఋతి వానలకు మొక్క లేచి, ఇంకను పూర్తిగా గింజ కట్టని కాలమది. ఆ వారమును ఊరి పనికి వాడుకొనవచ్చును.

కత్తెర పురుగు

పురుగుల విషయములో గడువు ఏండ్లు కాదు, దినములు. 2018 మే నెలలో కర్ణాటకములోని శివమొగ్గ ప్రాంతమున మొక్కజొన్నపై మన దేశములో ఎన్నడు చూడని ఒక పురుగు కనబడెను. అమెరికా ఖండపు ఈ పురుగు 2016లో ఆఫ్రికా చేరి, రెండేండ్లలో మన గడ్డ త్రొక్కినది. ఆ వానకాలము ముగియకముందే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పొలములకు వచ్చినది. దీని రెక్కలపురుగు ఒక్క రాత్రిలో నూరు కిలోమీటర్ల వరకు ఎగురగలదు. మనవారు కత్తెర పురుగని పేరు పెట్టిరి. మొక్కజొన్నను మిక్కిలి కోరును. జొన్నను కూడ విడువదు. జొన్నయే ప్రాణాధారమైన మన ప్రాంతమునకు ఇది చిన్న సంగతి కాదు.

దీనిని లద్దెపురుగుతోను, కాండము తొలుచు పురుగుతోను పొరబడుట కద్దు. గుర్తులు తప్పులేనివి రెండు కలవు. పెరిగిన పురుగును అఱచేతిలో పెట్టుకొని తలను చూడుడు. ముదురురంగు తలమీద తలక్రిందులు చేసిన ఇంగ్లీషు వై అక్షరము తెల్లగా గీసినట్లుండును. తరువాత తోకవైపు చూడుడు. చివరికి ముందున్న కణుపుమీద నాలుగు నల్లని చుక్కలు చతురస్రముగా, నాలుగు మూలలకు నాలుగు పెట్టినట్లుండును. ఈ రెండు గుర్తులును కలిసినచో అది కత్తెర పురుగే. ఒకటి కనబడి ఒకటి కనబడకున్న, లేదా పురుగు మిక్కిలి చిన్నదిగా నున్న, తీర్మానము చేయక అధికారికి చూపవలెను.

పైరు కూడ సాక్ష్యము చెప్పును. పిల్లపురుగులు ఆకు పచ్చదనమును గీకి తినుటచే ఆకుపై కాగితమువంటి తెల్లని మచ్చలు ఏర్పడును. పురుగు పెద్దదై మొవ్వలోనికి దిగినపిమ్మట విచ్చుకొన్న ఆకులలో పెద్ద పెద్ద చిల్లులు వరుసగా కనబడును. మొవ్వనిండ తడిసిన రంపపుపొట్టువంటి లద్దె యుండును. కాండము తొలుచు పురుగు కూడ ఆకుకు అడ్డముగా చిల్లులు చేయును. కాని అవి చిన్నవి. లద్దె ఇంతగా నుండదు. మొవ్వ ఎండి, లాగిన ఊడి వచ్చును. ఈ భేదము తెలియక ఒకదానికి వాడవలసిన మందు మఱియొకదానికి వాడినవారు పలువురు.

పురుగు మొవ్వలోనికి దిగకముందే పట్టుకొనుట ముఖ్యము. మొలచిన పదిదినములనుండి వారమునకు రెండుమార్లు పొలమున అయిదు చోట్ల నిలిచి, చోటునకు ఇరువది మొక్కలు చూడవలెను. ఆకుపై బూడిదరంగు నూగు కప్పిన గ్రుడ్ల ముద్దలు నూఱు మొదలు రెండువందల గ్రుడ్లతో నుండును. వానిని చేతితో నలిపిన ఆ పురుగులన్నియు అచ్చటనే తీరిపోవును. లింగాకర్షక బుట్టలు పెట్టినచో మగపురుగులు పడుటచే రాక ముందుగా తెలియును. మొవ్వలో ఇసుక వేయుట, వేపగింజల కషాయము పిచికారి చేయుట చిన్న పైరులో పనిచేయు ఉపాయములు. అంతకు మించినచో ఏ మందు ఎంత అన్నది వ్యవసాయాధికారిని అడిగియే తెలిసికొనవలెను. ఈ పత్రికలో అచ్చయిన మోతాదు మీరు చదువునాటికి మాఱియుండవచ్చును.

మిరప పూవులో నల్లని పురుగు

2021లో మిరప రైతులు పడిన బాధ ఇంకను మఱపునకు రాలేదు. మిరపకు తామరపురుగు పాత చుట్టమే. అది లేతపసుపురంగుది; ఆకుల అడుగున చేరి రసము పీల్చిన ఆకులు పైకి ముడుచుకొనును. దానికి వాడు మందులు ప్రతి రైతుకును తెలియును. ఆ యేడు పూవులు రాలిపోవుట మొదలైనది. రైతులు తామరపురుగే యనుకొని తెలిసిన మందులే చల్లిరి. తగ్గకున్న మోతాదు పెంచిరి. రెండు మందులు కలిపి చల్లిరి. అంగడిలో ఇచ్చినదెల్ల కొట్టిరి. పూవులు రాలుట ఆగలేదు; అప్పు మాత్రము పెరిగినది.

అదియు తామరపురుగే, కాని వేఱు జాతి. ముదురురంగుది. ఆకులకన్న పూవులలో గుంపులుగా దాగియుండును. 2015లో బెంగుళూరు ప్రాంతమున బొప్పాయిమీద మన దేశములో తొలిసారి కనబడిన జాతి యిది. ఆరేండ్లకు మిరపను పట్టినది. దీనిని కనుగొనుటకు భూతద్దము కూడ అక్కఱలేదు. ఒక తెల్లకాగితమును అఱచేతిలో పెట్టుకొని పూవును దానిపై దులుపవలెను. నూగువంటి నల్లని పురుగులు పరుగెత్తుట కనబడును. ఈ చిన్న పని మొదటి వారములోనే చేసియున్నచో ఎన్ని పిచికారులు తప్పియుండెడివో పంచాయతీ సభ్యులు ఊహింపగలరు. ఇప్పటికైనను మిరప పూతకు వచ్చిన ప్రతియేడు ఊరికి నలుగురు రైతులచే ఈ కాగితపు పరీక్ష చేయించుట మంచిది. నీలిరంగు జిగురు అట్టలు పెట్టుట కూడ ఉపయోగకరము.

మిత్రుని శత్రువనుకొనుట

క్రొత్తగా కనబడిన ప్రతి పురుగును చీడ యనుకొనుటయు పొరపాటే. 2020లో ఎడారి మిడుతల దండు రాజస్థాన్ మొదలు మహారాష్ట్రమువరకు వచ్చినదని వార్త వినగానే మనవారు బెదరిరి. ఆ మే నెలాఖరున అనంతపురము జిల్లా రాయదుర్గమున జిల్లేడుచెట్లనిండ మిడుతలు చేరగా దండు వచ్చినదని పెద్ద కలకలము పుట్టెను. అవి జిల్లేడుమీద బ్రదుకు స్థానిక మిడుతలు. దండుతో సంబంధము లేనివి. జిల్లేడు మిడుతకు పసుపు, నీలి చారలు రంగు వేసినట్లుండును. అది జిల్లేడు చుట్టే తిరుగును. ఎడారి మిడుత ఒక్క మొక్కను పట్టుకొని కూర్చుండదు; దండుగా పగటివేళ ఎగిరి, సాయంకాలము వ్రాలి, దొరకిన పచ్చదనమునెల్ల మేయును.

వయ్యారిభామను తినుటకు మెక్సికో దేశపు పెంకుపురుగును తెచ్చి 1984లో బెంగుళూరు ప్రాంతమున విడిచిరి. కొన్నియేండ్లకు అది పొద్దుతిరుగుడుమీద కనబడగా, పైరునకు చేటు తెచ్చినదని గొడవ రేగెను. నిజానిజములు తేల్చుటకు సంఘమును కూడ వేసిరి. చివరకు ఆ పురుగువలన పైరునకు చెప్పదగిన హాని లేదని తేలినది. వయ్యారిభామ ఆకులు జల్లెడవలె నున్నచో అది ఆ పురుగు చేసిన మేలు. అచ్చట మందు కొట్టరాదు.

అక్షింతలపురుగు పిల్ల మొసలివలె గరుకుగా, నల్లగా, నారింజరంగు మచ్చలతో నుండుటచే దానిని చంపు రైతులు ఇంకను కలరు. అది పేనుబంకను తినునది. 2008లో కోయంబత్తూరు వైపున మొదలై బొప్పాయితోటలను ముంచిన పిండినల్లిని అణచినది కూడ 2010లో తెప్పించి వదలిన చిన్న పరాన్నజీవి కందిరీగయే. మందులు ఎక్కువగా చల్లిన తోటలలో ఆ కందిరీగ నిలువదు.

ఎట్లు వచ్చుచున్నవి

రెక్కలపురుగు గాలిలో వచ్చుటను పంచాయతీ ఆపలేదు. కాని ఇతరమార్గములు కొన్ని మన చేతిలో నున్నవి. కోతయంత్రములు ఒక జిల్లానుండి మఱొక జిల్లాకు పోవునపుడు వాని సందులలో కలుపు విత్తనములు పోవును. ఊరిలోనికి దింపకముందు పొలిమేరలో దులిపించి కడిగింపవచ్చును. దూరపు మేతకు పోయి వచ్చిన గొఱ్ఱెలమందను రెండుమూడు దినములు ఒకేచోట దొడ్డిలో నుంచినచో సర్కారు తుమ్మ విత్తనము అచ్చటనే పడును. మొలచినపుడు తీయుట తేలిక. నారుమొక్కలు, అంట్లు కొనునపుడు ఆకు అడుగు త్రిప్పి చూడవలెను. నర్సరీ మట్టితో వయ్యారిభామ ఊరు మాఱును.

కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతములవారు కువైటు మొదలగు దేశములలో పనిచేయుచు వచ్చి పోవుచున్నారు. ఇంటికి వచ్చువారు విత్తనములు, పిలకలు, మట్టితోనున్న మొక్కలు పెట్టెలో వేసికొని తేరాదు. 1914 నాటి చట్టమును అనుసరించి 2003లో వెలువడిన ఉత్తర్వు ప్రకారము ఇట్టివి తెచ్చుటకు ముందుగా అనుమతిపత్రమును, ఆ దేశపు ఆరోగ్యధ్రువపత్రమును కావలెను. ఒక్క పిలకతో ఏ పురుగు వచ్చునో పెట్టె మోసినవారికి తెలియదు.

ఎవరికి, ఎట్లు తెలుపవలెను

తెలియనిది కనబడినపుడు మొదట రైతుసేవా కేంద్రములోని వ్యవసాయ సహాయకునికి చెప్పవలెను. అచ్చట తేలకున్నచో కర్నూలు జిల్లాకు బనవాసి, నంద్యాల జిల్లాకు యాగంటిపల్లె, కడప జిల్లాకు ఊటుకూరు కృషివిజ్ఞాన కేంద్రములు కలవు. 1906లో స్థాపింపబడిన నంద్యాల పరిశోధనాస్థానములో పురుగులకు, తెగుళ్లకు వేఱువేఱుగా శాస్త్రజ్ఞులు కలరు. కిసాన్ కాల్ సెంటరునకు 1800-180-1551 సంఖ్యకు ఉదయము 6 గంటలనుండి రాత్రి 10 గంటలవరకు ఖర్చులేకుండ ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును.

అయితే చెప్పు తీరులో తేడా కలదు. పైరంతయు పోయినదని ఫోనులో చెప్పిన శాస్త్రజ్ఞునికి ఏమియు తెలియదు. సెల్‌ఫోనుతో మూడు బొమ్మలు తీయవలెను: పొలమంతయు ఒకటి, దెబ్బతిన్న మొక్క ఒకటి, పురుగు దగ్గఱగా ఒకటి. దగ్గఱి బొమ్మలో ప్రక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టినచో పురుగు పరిమాణము తెలియును. కలుపుమొక్కయైనచో పూవు, కాయ, వేరు మూడును కలుగునట్లు పెఱికి, పాత వార్తాపత్రిక మడతలలో పెట్టి పైన బరువుంచి ఆరనిచ్చి పంపవలెను. పురుగును ప్రాణముతో మఱొక ఊరికి తీసికొనిపోరాదు. మందులదుకాణములో దొరకు స్పిరిటు పోసిన చిన్నసీసాలో వేసి బిరడా బిగింపవలెను. ఒక్క పురుగు కాక చిన్నవి పెద్దవి కలిపి నాలుగైదు వేసిన మేలు.

సీసాలో వేయు చీటిలో ఊరు, మండలము, పైరు, విత్తిన తేదీ, పురుగును మొదట చూచిన తేదీ, మొక్కలో ఏ భాగమున నున్నది, ఇరువది మొక్కలలో ఎన్నింటికి పట్టినది, అంతకుముందు ఏ మందు ఎన్నిమార్లు చల్లిరి అను వివరములుండవలెను. చల్లిన మందు సంగతి రైతులు సాధారణముగా దాచుదురు. సభ్యుడు నెమ్మదిగా అడిగి తెలిసికొనవలెను. చీటిని పెన్సిలుతోనే వ్రాయవలెను. సిరాతో వ్రాసినచో స్పిరిటు తగిలి అక్షరములు చెదరిపోవును.